మా అమ్మాయి విజిలేసిన వారం

ఆగస్టు 2, శనివారం

మా కీర్తి రిఫరీ! పేటలో జరగబోయే ఫుట్‌బాల్ ఆటలకి మా కీర్తి రిఫరీ!

రెండుసార్లు రాశానని నాకూ తెలుసు. మూడోసారి రాయకుండా పెన్నుని గట్టిగా పట్టుకున్నాను. ఈ డైరీ విత్తనాల షాపువాళ్ళు ఊరికే ఇచ్చింది. జనవరి నుంచి ఇందులో వాన పడ్డ రోజూ, పత్తికి మందు కొట్టిన రోజూ తప్ప ఇంకో ముక్క లేదు. ఏడో తరగతితో ఆగినవాడికి రాయటానికి ఏముంటది? ఇవ్వాళ ఉంది.

సంగతి ఇది. మన నరసరావుపేట క్లబ్బు వాళ్ళ సీజను వచ్చే నెల మొదలు. అంతకుముందు కాళ్ళు సాగటానికి నాలుగు టీముల్ని పిలిచి ఆటలు పెడుతున్నారు. పేట, మాచర్ల, గురజాల, ఒంగోలు. ఇది పెద్ద లీగు కాదంట, దాని కింద దాని కింద లీగంట. నాకేంది? మెట్లెక్కేవాడు కింద మెట్టు మీదే గదా ముందు కాలు పెట్టేది.

ఆటలు చూడటానికి అనంతపురం నుంచి అబ్దుల్ గఫార్ గారని ఒక సారు వస్తున్నాడు. ఆయన ఆటగాళ్ళని చూడడు. రిఫరీలని చూస్తాడు. పుస్తకం పెట్టుకుని మార్కులేస్తాడు. ఆయన సరే అంటే మా కీర్తి పేరు రాష్ట్ర లీగు రిఫరీల లిస్టులో ఎక్కుద్ది. పోయినేడు ఎక్కలేదు. అంతకుముందేడు ఎక్కలేదు.

"ఈసారి కూడా రాకపోతే విజిలు బీరువాలో పడేసి బడి పిల్లలకి ఇప్పుడు చెప్పే డ్రిల్లే చెప్పుకుంటా నాన్నా" అంది. నవ్వుతూనే అంది. కాలేజీలో ఆడుతూ మోకాలు పోగొట్టుకున్న రోజున కూడా ఇట్టాగే నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు.

"ఎవరికీ చెప్పొద్దు" అని కూడా అంది. చెప్పను. ఆటో అబ్బాయికి చెప్పాను, వాడు చుట్టం కాదు గదా. పాలవాళ్ళకి కూడా.

ఆగస్టు 3

ఎవరికీ చెప్పలేదు. బావకి తప్ప.

ఆగస్టు 4, సోమవారం

పుల్లారావు బావ పొద్దున్నే బుల్లెట్టు మీద దిగాడు. మా రామాయమ్మ అక్క మొగుడు. ఎడ్ల పందేల్లో ఆయన జత పేరు చెబితే నాలుగు మండలాలు లేచి నిలబడేవి. ఇప్పుడు ఎడ్లు తగ్గి ఫుట్‌బాల్ క్లబ్బులో పెద్దమనిషి అయ్యాడు. ప్రెసిడెంటు సుందరరావు గారి పక్కనే కుర్చీ.

"ఒరేయ్ యల్లమందా! మన పిల్ల రిఫరీ అయితే ఇంకేంది, కప్పు మనదే!"

"అట్టా కాదంట బావా. రిఫరీకి ఎవరూ మనవాళ్ళు కాదంట."

"మనవాళ్ళు కాకపోతే పరాయివాళ్ళా? ఏమ్మా కీర్తీ, మామయ్య పరాయివాడా?"

కీర్తి బూట్ల తాళ్ళు ఉతుకుతోంది. తలెత్తలా. "గ్రౌండులో పరాయివాడివే మామయ్యా. బయట కాఫీ ఇస్తా, ఆగు" అంది.

బావ కాఫీ తాగి గేటు దగ్గర నా చెవిలో ఒక మాట చెప్పి వెళ్ళాడు. మంచి మాటే.

ఆగస్టు 5

ఫ్లెక్సీకీ నాకూ సంబంధం లేదు. బావ వేయిస్తానన్నాడు. అమ్మాయి ఫోటో అడిగితే ఇచ్చాను, అంతే.

ఆగస్టు 6, బుధవారం

మహాలక్ష్మికీ కూతురికీ పొద్దున్నుంచీ యుద్ధం. రిఫరీ చొక్కా నలుపు.

"శ్రావణ మాసంలో, ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం పెట్టుకుని, ఆడపిల్లకి నల్లబట్టలేందే? పసుపు రంగుది లేదా?"

"ఉందమ్మా. పేట జట్టుది పసుపు చొక్కా. అది తొడుక్కుంటే నాకు కూడా బంతి వేస్తారు."

చివరికి మహాలక్ష్మి కాలరు లోపల, కనపడని చోట, కుంకుమ బొట్టు పెట్టి ఇస్త్రీ చేసింది. కీర్తి చూసింది. చూడనట్టు మడత పెట్టుకుంది.

నేనేమో రెండుసార్లు అన్నం తిన్నాను. మర్చిపోయి.

ఆగస్టు 7, గురువారం

ఏమి రోజు! వరసగా రాయాలి, లేకపోతే కలిసిపోద్ది.

మొదటి ఆట మాచర్లకీ గురజాలకీ. అంటే తెలుసుగా. ఎనిమిది వందల ఏళ్ళ నాటి పగ. ఆ ఇద్దరి మధ్యా నా కూతురు, నల్ల చొక్కా, మెడలో విజిలు, జడ మడిచి ముడి. ఎంత చిన్నగా ఉందో! ఆ ఆటగాళ్ళు తాటిచెట్లు. దాని తల వాళ్ళ భుజం దాకా వస్తే గొప్ప.

విజిలేసింది. ఇరవై రెండు మందీ పరుగెత్తారు! ఇంట్లో నేను ఎన్నిసార్లు పిలిచినా ఒక్కడు రాడు, ఒక్క ఊదుడుకి ఇరవై రెండు మంది!

మాచర్ల కుర్రాడు ఒకడు కింద పడి దొర్లాడు, కాలు విరిగినట్టు. కీర్తి దగ్గరికి పోయి వంగి చూసి, "లే" అన్నట్టు చెయ్యి ఊపింది. వాడు లేచాడు. మామూలుగా పరుగెత్తాడు. జనం నవ్వారు. మాచర్ల వాళ్ళకి కోపం వచ్చింది.

"ఏందమ్మా నాగమ్మా! గురజాల పక్షమా మళ్ళీ?" అని ఒకడు అరిచాడు. నాయకురాలు నాగమ్మ పేరు పెట్టి నా కూతుర్ని తిట్టారు! నాకు కోపం రావాలి. రాలా. మంత్రి పదవి చేసిన మనిషి పేరది.

తర్వాత గురజాల వాడికి పసుపు కార్డు చూపించింది. ఇప్పుడు గురజాల వాళ్ళు తిట్టారు. పక్కన కూర్చున్న ముసలాయన, "ఇద్దరూ తిడుతున్నారంటే పిల్ల సరిగ్గానే చేస్తోంది" అన్నాడు. ఆయనకి వేరుశెనక్కాయల పొట్లం కొనిచ్చాను.

గఫార్ సారు నీడలో కూర్చుని రాసుకుంటూనే ఉన్నాడు. గుండ్రటి కళ్ళద్దాలు. ముఖంలో ఏమీ కనపడలా. మాచర్ల రెండు, గురజాల సున్నా. ఎవరు గెలిస్తే నాకేంది? కీర్తి గెలిచింది.

ఎడ్ల పందేల్లో ఇరవై ఏళ్ళు నేను కూడా టేపు పట్టినవాణ్ణే. ఎడ్లు బండని ఎన్నడుగులు లాగినయ్యో కొలిచి చెప్పేది నేనే. తీర్పు చెప్పేవాడి పని ఏందో నాకు తెలుసు. నా సంగతి వేరే అనుకో. అది ఇప్పుడెందుకు.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

రాయబుద్ధి కావటం లేదు. రాస్తాను.

గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. పన్నెండడుగులు. పైన ఎమ్మెల్యే గారంత పెద్దగా సుందరరావు గారు దణ్ణం పెడుతూ, పక్కన పుల్లారావు బావ నల్ల కళ్ళజోడు పెట్టుకుని, కింద నేను, మూలన చిన్న గుండ్రంలో కీర్తి. మనవైపు ఏ ఫ్లెక్సీ అయినా అంతేగా, పుట్టినరోజు పిల్లాడిది మూల, పెద్దవాళ్ళది మధ్య. "మన పేట జట్టుకు, మన ఆడబిడ్డ రిఫరీ కుమారి కీర్తికి ఘన విజయం కలగాలని" అని రాసి ఉంది.

మాచర్ల కోచ్ సాదిక్ అని, సన్నగా ఉంటాడు. దాన్ని ఫోటో తీసి ఆటలు నడిపే కమిటీ ముందు పెట్టాడంట. "రిఫరీకి విజయం ఏందండీ? ఏ జట్టు మీద విజయం? పేట ప్రెసిడెంటు బొమ్మ కింద రిఫరీ బొమ్మా? ఫైనల్లో మేముంటే ఈ అమ్మాయి వద్దు" అన్నాడంట.

కమిటీ ఫైనలు నుంచి కీర్తి పేరు తీసేసింది. రేపు గీత పక్కన జెండా పట్టుకోమన్నారు. విజిలు ఇవ్వలేదు. ఫైనలు చేయించకుండా గఫార్ సారు మార్కులు పూర్తి చేయలేడంట.

కీర్తి ఇంటికొచ్చి ఒక్కటే అడిగింది. "ఆ ఫ్లెక్సీ ఎవరు వేయించారు నాన్నా?"

"మీ మామయ్య" అన్నాను.

అబద్ధం కాదు. కాకపోతే ఫోటోతో పాటు పేర్లు రాసిచ్చింది నేనే.

ఆగస్టు 8, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం

"ఘన విజయం" అన్న మాట నాది. బావ "శుభాకాంక్షలు" చాలన్నాడు. చప్పగా ఉందని నేనే అన్నాను. అంతే. రాసేశాను.

పొద్దున కలశం పెట్టిన మహాలక్ష్మి దగ్గర కూడా ఒప్పుకున్నాను. ఆమె చేతిలో పసుపు ముద్ద ఉంది కాబట్టి సరిపోయింది.

"ఏమయ్యా, అమ్మాయి ఎవరికీ చెప్పొద్దంటే నువ్వు పన్నెండడుగుల గుడ్డ మీద ఊరంతటికీ చెప్పావా? ఇంక పీట మీద కూర్చోబాక. పోయి దించు."

"సుందరరావు గారి బొమ్మున్న ఫ్లెక్సీ దించితే గొడవలైపోతయ్యే!"

"అయితే నీ బొమ్మ ఒక్కటి కోసుకుని రా."

నిచ్చెన తీసుకుని ఆటోలో వేసుకుపోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "పెద్దాయనా, పేటలో పెద్దవాళ్ళ ఫ్లెక్సీ మీద చెయ్యి వేస్తే ఏమైద్దో తెలుసా? సాయంత్రానికి రెండు ఊళ్ళు కొట్టుకుంటయి!" నలుగురు పోగయ్యారు. ముగ్గురు ఫోన్లు తీసి వీడియో. నేను నిచ్చెన మీద నుంచి గట్టిగా చెప్పాను: "చింపటం లేదయ్యా, దించుతున్నా! దించటానికీ చింపటానికీ తేడా చూడండి!" ముడులు ఒక్కొక్కటీ చేత్తో విప్పాను, కత్తి పెట్టలేదు. సుందరరావు గారి ముఖం నేల తగలకుండా చుట్టి, నెత్తిన పెట్టుకున్నాను. దేవుడి పటం మోసినట్టు మోశాను. ఒకడు దణ్ణం కూడా పెట్టాడు, ఎందుకు పెట్టాడో వాడికే తెలియదు.

అటు నుంచి అటే మాచర్ల వాళ్ళు దిగిన లాడ్జికి. సాదిక్ గోడ నీడన కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

"నాయనా, ఆ మాట రాసింది నేను. అమ్మాయికి తెలియదు. శిక్ష నాకెయ్యి."

సాదిక్ ఇడ్లీ పెట్టి లేచాడు. మంచి కుర్రాడే. "బాబాయ్, నాకూ చెల్లెళ్ళు ఉన్నారు. కానీ ఫ్లెక్సీ చుట్టి నెత్తిన పెట్టుకుంటే రిఫరీ మనసులో ఉన్నది మారుద్దా? నా పిల్లలు పదకొండు మంది, వాళ్ళకి నేను జవాబు చెప్పాలి."

"మనసులో ఏముందో నీకెట్టా తెలుసు?"

"తెలియదు బాబాయ్. అదే గదా నా భయం." ఇడ్లీ తినమన్నాడు. వ్రతం రోజు, పూజ కాకుండా తిననన్నాను. నిచ్చెన మర్చిపోతే ఆటో దాకా తనే మోసుకొచ్చి పెట్టాడు.

సాయంత్రం ఆట. పేటకీ గురజాలకీ. కీర్తి జెండా పట్టుకుని గీత వెంబడి పరుగు. మాచర్ల వాళ్ళ ఆట ముందే అయిపోయి గెలిచి కూర్చున్నారు, సాదిక్ కూడా అక్కడే. ఒకటి ఒకటి మీద ఉంది. ఇంక అయిపోవచ్చింది అనగా పేట కుర్రాడు బంతి తీసుకుని గోల్లో కొట్టాడు. స్టాండంతా లేచింది. బావ కండువా గాలిలోకి విసిరాడు. నేనూ లేచాను. నేనూ అరిచాను. అట్టా అరిచేశాక చూశాను, కీర్తి కదలకుండా నిలబడి ఉంది, జెండా పైకెత్తి.

గోలు లేదు.

"ఆఫ్‌సైడు" అన్నారు. అంటే ఏందో పక్కన ముసలాయన మూడుసార్లు చెప్పాడు, వేరుశెనక్కాయలు తింటూ. బంతి అందించే వేళకి మనవాడు అవతలి వాళ్ళని దాటిపోయి గోలు దగ్గర కాచుకుని ఉండకూడదంట. నాకైతే గోలే అనిపించింది. ఇది ఇక్కడ రాస్తన్నా గానీ కీర్తికి చెప్పను.

తిట్లు! అమ్మో! పేట వాళ్ళు, మన వాళ్ళు, మొన్న నా దగ్గర బెండ విత్తనాలు తీసుకున్న వాళ్ళు! "జెండా దించవే!" "కళ్ళు డాక్టరుకి చూపించు!" కీర్తి జెండా ఎత్తే ఉంచింది, ఆ మధ్యలో ఉన్న రిఫరీ చూసి విజిలేసేదాకా.

సాదిక్ వైపు చూశాను. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నవ్వలా. ఏదో ఆలోచిస్తున్నాడు.

గఫార్ సారు పుస్తకంలో ఒక్క ముక్క రాసి మూసేశాడు. ఏం రాశాడు? ఏం రాశాడు?

ఆగస్టు 9, శనివారం

వాన. ఆటలు లేవు.

మూడో రోజువి పూర్తిగా రద్దు చేశారు. ఉన్న పాయింట్లతోనే మాచర్ల, మొదటి రోజు ఒంగోలుని ఓడించిన పేట ఫైనలు. రేపు. రిఫరీ ఎవరో చెప్పలేదు.

ఫ్లెక్సీ తెచ్చి గడ్డివాము మీద కప్పాను, గడ్డి తడవకుండా. మహాలక్ష్మి చూసి, "సుందరరావు గారు వానదేవుడికి దణ్ణం పెడుతున్నారు" అంది. నవ్వాపుకోలేక ఇద్దరం చూరు కింద కూలబడ్డాం. కీర్తి బయటికొచ్చి చూసి, రెండు రోజుల్లో మొదటిసారి పళ్ళు కనపడేట్టు నవ్వింది.

అప్పుడు చెప్పాను. ఫోటో నేనే, పేర్లు నేనే, ఘన విజయం నేనే.

"తెలుసు నాన్నా. 'ఘన' అని నువ్వు తప్ప ఎవరూ రాయరు. పెళ్ళి శుభలేఖలో కూడా ఘనంగానే రాస్తావు" అంది. కోప్పడలా. లోపలికి పోయి బూట్లు తుడుచుకుంది. ఫైనలు ఇస్తారో లేదో తెలియకుండానే తుడుచుకుంది.

నాలుగున్నరకి

ఇచ్చారు! ఇచ్చారు! సాదిక్ తనే కమిటీ ముందుకి పోయి చెప్పాడంట. "సొంతూరి గోలునే కాదన్న అమ్మాయి మాకు చాలు. మాకు అభ్యంతరం లేదు." ఫైనలు రిఫరీ కీర్తి!

పేట వాళ్ళు అభ్యంతరం చెప్పబోయారంట ఇప్పుడు. సుందరరావు గారు "మొన్న మన మనిషన్నారు, ఇవ్వాళ కాదంటారా, కూర్చోండయ్యా" అన్నాడంట. పెద్ద మనిషి. వాన ఆగాక గడ్డివాము మీద ఆయన్ని సరిగ్గా పరచాలి.

ఆగస్టు 10, ఆదివారం

నిదానంగా. నిదానంగా రాయాలి.

స్టాండు నిండింది. నేను కూర్చుంది పేట వాళ్ళ మధ్య. బావ నా పక్క కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. "శుక్రవారం ఏదో పొరపాటు. ఇవ్వాళ మామయ్యని మర్చిపోదులే" అన్నాడు.

మొదటి సగం పేట ఒకటి కొట్టింది. రెండో సగం మాచర్ల ఒకటి. ఇంక ఐదారు నిమిషాలు ఉందనగా పేట గోలు ముందు మాచర్ల కుర్రాడు దూసుకొస్తుంటే మనవాడు వెనక నుంచి చొక్కా పట్టి లాగాడు. నేను చూశాను. అందరూ చూశారు. అందరూ చూడనట్టు ఊపిరి బిగబట్టారు.

విజిలు. చెయ్యి చాపి గోలు ముందున్న తెల్ల చుక్క చూపించింది. పెనాల్టీ. సొంతూరి మీద.

బావ లేచాడు. "ఏమే కీర్తీ! ఎవరి ఉప్పు తింటున్నావే! మాచర్లలో మొగుణ్ణి చూసుకున్నావా!" నా బిడ్డని. నా పక్కన నిలబడి. నేను కూర్చునే ఉన్నాను.

మాచర్ల వాడు తన్నాడు. మన కీపరు పులి దూకినట్టు దూకి ఆపేశాడు! స్టాండు పగిలిపోయింది. బావ నన్ను వాటేసుకున్నాడు. "దేవుడున్నాడ్రా యల్లమందా! త్రికోటేశ్వరుడే అడ్డం పడ్డాడు!" నాకూ పోతే పోయిందిలే, బిడ్డ తీర్పు చెప్పింది, బంతి లోపలికి పోలా, అందరూ క్షమిస్తారు అనిపించింది. అయిపోయింది అనుకున్నాను. బతికాం అనుకున్నాను.

మళ్ళీ విజిలు.

మళ్ళీ తన్నమంది! కీపరు ముందే కదిలాడంట. మళ్ళీ మొదటి నుంచి!

అక్కడికి ఊరుకోవచ్చు గదా. ఎవరు అడిగారు? ఆపిన బంతిని ఆగలేదని చెప్పమని ఎవరు అడిగారు? గఫార్ సారు కూడా అంత దూరం నుంచి చూసి ఉండడు. అక్కడ పది మంది పసుపు చొక్కాలు చుట్టూ మూగి అరుస్తుంటే, నా కూతురు, వాళ్ళ భుజాల దాకా వచ్చే నా కూతురు, చెయ్యి చాపి ఆ చుక్కనే చూపిస్తా నిలబడింది. ఒక అడుగు వెనక్కి వేయలా.

బావ చేతులు నా మీద నుంచి ఊడిపోయినయి. నన్ను తోసినంత పని చేశాడు.

అప్పుడు నేనేం చేశానంటే, లేచి కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టానో తెలియదు. కీపరు కదిలాడో లేదో నేను చూళ్ళా. రెండు వేల మంది తిడుతున్న చోట ఒక్కణ్ణే, డెబ్భై ఒక్క ఏళ్ళవాణ్ణి, కుర్చీ మీద. వెనక నుంచి ఎవడో నీళ్ళ పాకెట్టు విసిరాడు. వీపు మీద పగిలింది. చల్లగా ఉంది. హాయిగా ఉంది! ఇంకా గట్టిగా కొట్టాను.

రెండోసారి తన్నాడు. గోలు. మాచర్ల రెండు, పేట ఒకటి. కప్పు మాచర్లకి పోయింది.

సుందరరావు గారు కప్పు ఇస్తూ, "సీజనుకి ముందు ఆటలు గదా, గెలుపోటములు లెక్కలోకి రావు" అన్నాడు మైకులో. మరి అంతలా ఎందుకు తిట్టారయ్యా? అడగాలనిపించింది. అడగలా. నవ్వొచ్చింది. ఆపుకోలా.

గఫార్ సారు ఎవరితో మాట్లాడకుండా కారెక్కాడు. కీర్తి ముఖంలో దుమ్ము తప్ప ఏమీ లేదు. "ఏమన్నాడమ్మా?" అంటే, "ఏమీ అనలేదు నాన్నా. నీళ్ళు తాగమన్నాడు" అంది.

ఇంటికొచ్చాక ఉప్పు నీళ్ళ బేసిన్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. మహాలక్ష్మి దిష్టి తీసింది. మిరపకాయలు నిప్పుల్లో వేసినా ఘాటు రాలేదు, అంత దిష్టి.

"కీపరు చేసిన తప్పేందమ్మా?" అని అడిగాను.

"బంతి తన్నేదాకా కాలు గీత మీద ఉండాలి నాన్నా. రెండు కాళ్ళూ ముందుకొచ్చినయ్యి."

"ఎంత ముందుకి?"

"రెండడుగులు."

రెండడుగులే. సరిగ్గా రెండడుగులు.

ఇరవై మూడేళ్ళ కిందట పందెంలో బావ ఎడ్లు చివరి జత. టేపు నా చేతిలో. రాజుపాలెం ఆయన జత కంటే అడుగున్నర తక్కువ లాగినయి. బావ నా కళ్ళలోకి చూశాడు. అక్క మొగుడు. నేను టేపు మడత పెడుతూ రెండడుగులు ఎక్కువ చెప్పాను. జనం ఈలలు. ఆ రాజుపాలెం ఆయన చెప్పులు విప్పి, బండకి దణ్ణం పెట్టి, ఎడ్లని తోలుకుని పోయాడు. ఆయన పేరు కూడా నేను కనుక్కోలా.

ఇది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. మహాలక్ష్మికి చెప్పలేదు. ఇవ్వాళ బేసిన్ పక్కన కూర్చుని కీర్తికి చెప్పాను. నేల చూసుకుంటా చెప్పాను.

"తెలుసు నాన్నా" అంది.

"ఎట్టా తెలుసే?"

"మామయ్య మందేసినప్పుడల్లా చెప్తాడుగా. 'మా బావమరిది బంగారం, రెండడుగులు కలిపాడు' అని. నాకు పదేళ్ళప్పుడు మొదటిసారి విన్నా."

"మరి నన్ను ఒక్క మాట అనలేదేందమ్మా, ఇన్నేళ్ళూ?"

"ఆట అయిపోయాక విజిలెయ్యకూడదు నాన్నా" అంది. కాలు ఎత్తి నా మీద నీళ్ళు చిమ్మింది. వీపు అప్పటికే తడి, ఇప్పుడు ముందు కూడా.

ఆగస్టు 11, శ్రావణ సోమవారం

ఎక్కింది. ఎక్కింది. పేరు ఎక్కింది.

గబగబా రాస్తుంటే అక్షరాలు ఎడ్లు లాగిన గాడిలాగా పోతన్నయ్యి. పోనీ.

గఫార్ సారు నా ఫోనుకి చేశాడు. పదకొండు ఇరవైకి. "పెద్దాయనా, అమ్మాయి ఫోను ఎత్తటం లేదు. మీరే చెప్పండి. రాష్ట్ర లీగు లిస్టులో పేరు పంపించాను, ఖాయం అయింది. మొదటి ఆట వచ్చే నెల విజయవాడలో."

"ఆ కీపరు ముందుకి కదలటం మీకు కనపడిందా సార్?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నాకు కనపడలా. రాత్రి వీడియోలో నాలుగుసార్లు చూస్తే కనపడింది. మీ అమ్మాయికి ఒక్కసారికే కనపడింది. అందుకే" అన్నాడు. ఇంకేదో అన్నాడు, నేను ఏడుస్తుంటే వినపడలా. ఆయన ఆగి, ఏడవనిచ్చి, తర్వాత పెట్టేశాడు.

మహాలక్ష్మి కోటప్పకొండకి పోయింది, ఫోను ఇంట్లోనే పెట్టి. చేస్తే వంటింట్లో మోగింది. కీర్తి బడికి సెలవు పెట్టి పడుకుంది, మూడు రోజుల నిద్ర ఒక్కసారి పోతోంది, నోరు తెరుచుకుని. దూడ దగ్గరికి పోయి చెప్పాను. చాలలా. కూర్చుని లిస్టు రాస్తే గుండె కుదుట పడుద్ది. వరస తప్పితే ఒక్కొక్కళ్ళు ఏడాది అలుగుతారు, కాబట్టి జాగ్రత్తగా.

చెప్పాల్సిన వాళ్ళు:

వెంకట్రామయ్య, మహాలక్ష్మి అన్న, రాజుపాలెం. మేనమామకి ముందు చెప్పకపోతే పసుపు కుంకాలకి కూడా రాడు. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా మనిషిని పంపాలి. నేనే పోతాను. పోయి, పాత పందేల సంగతి ఎత్తి, ఆ ఎడ్లాయన ఎవరో, ఉన్నాడో లేదో కూడా కనుక్కుంటాను.

వందన, పెద్దమ్మాయి, మాచర్ల కోడలు. నిన్నటి నుంచి వాళ్ళింట్లో పండగ. అల్లుడు కప్పుతో ఫోటో పంపించాడు. ఫోను విశాల్‌గాడు ఎత్తుతాడు, ఆరేళ్ళు, వాడికి చెబితే వీధంతా తెలిసిపోద్ది. వాడికే చెప్పాలి.

కృష్ణకుమారి పిన్ని, మాచవరం. చెవుడు. ఫోన్లో లాభం లేదు. వీధి చివరి వాళ్ళకి వినపడేట్టు ఎదురుగా చెప్పాలి. అందుకు ఇబ్బంది లేదు.

మహేష్, తమ్ముడి కొడుకు, హైదరాబాదు. "ఆడపిల్లకి రిఫరీ పనేంది పెదనాన్నా" అన్నవాడు. పొడుగ్గా చెప్పాలి.

రామాయమ్మ అక్క. చెప్పగానే ఏడుస్తది, తర్వాత బెల్లం అన్నం చేసుకుని వస్తది, మొగుడు వద్దన్నా.

పుల్లారావు బావ. అక్క చెబితే చాలనుకున్నాను. చాలదు. గ్రౌండులో నేను కూర్చునే ఉన్నాను. ఎదురుగా నిలబడి చెప్పాలి. నా బిడ్డని అన్న మాట వెనక్కి తీసుకో బావా అని కూడా అడగాలి. అడుగుతాను. ఇవ్వాళే.

మహాలక్ష్మి. కొండ దిగేటప్పటికి బస్టాండులో నిలబడాలి. ప్రసాదం పొట్లం లాక్కుని చెప్పాలి, లేకపోతే కింద పడేస్తది.

ఇంకెవరు? ఎవరినో మర్చిపోతున్నా. ముఖ్యమైన మనిషినే ఎవరినో మర్చిపోతున్నా, మేనమామ కంటే ముందు చెప్పాల్సిన మనిషిని, వేలు మడిచి లెక్కపెడితే ఒక వేలు మిగులుతోంది.

కీర్తి!

దానికే ఇంకా తెలియదు.

మంచం కిర్రుమంది. లేస్తన్నట్టుంది.